కడుక్కునే నీళ్ళు

చంద్రుడి మీద ఇళ్ళు కడతామని చెప్పేవాళ్ళకు ఈ రోజుల్లో కొదవ లేదు. గాలి ఎట్లా పుట్టిస్తారో, తిండి ఎట్లా పండిస్తారో, గోడ ఎంత మందం పెడతారో గంటలకు గంటలు చెబుతారు. పొద్దున్నే లేచి దొడ్డికి ఎక్కడికి పోతారయ్యా అని అడగండి, నవ్వేసి మాట మారుస్తారు.

సంయుక్త మాట మార్చే రకం కాదు. కాప్సెల్‌లో ఆ మూల గది బొమ్మ గీసిందే ఆమె.

కాప్సెల్ అంటే ఆకాశంలోకి ఎగిరేదేమీ కాదు. మాగ్డెబర్గ్‌కు ఉత్తరాన, ఎల్బె నది ఒడ్డున, ఎప్పుడో మూతబడ్డ రైలింజన్ల షెడ్డు ఒకటి ఉంది. దాన్ని కొని బాగుచేసుకుని కొన్ని కుటుంబాలు, కొందరు ఒంటరి మనుషులు కలిసి బతుకుతున్నారు. వైడెన్‌హోఫ్ అని పేరు పెట్టుకున్నారు. వంటిల్లు ఒకటే, పొలం ఉమ్మడి, కారు ఉమ్మడి, కొట్లాటలు కూడా ఉమ్మడే. ఆ షెడ్డుకు పైకప్పు ఎగిరిపోయిన కొసన, చెక్కతో, ఇనుముతో, పాత గ్రీన్‌హౌస్ అద్దాలతో గాలి చొరకుండా ఒక పొడుగాటి ఇల్లు కట్టారు. అదీ కాప్సెల్. నలుగురు లోపలికి పోయి తలుపు బిగించుకున్నాక, తాగిన నీళ్ళే శుద్ధి చేసుకుని మళ్ళీ తాగాలి. వదిలిన గాలిని చెట్లే బాగుచేసి ఇవ్వాలి. తిన్నది ఎరువై మళ్ళీ కూరగా రావాలి. గింజలు, పిండి, పప్పు మాత్రం ముందే లోపల పెట్టుకున్నారు. అన్నీ పండించుకునేంత జాగా లేదు, అబద్ధమెందుకు. ఇక కరెంటు తీగ తప్ప బయటినుంచి ఏదీ రాదు.

పైన బతకడం నేర్చుకుంటే ఈ నేలమీద తక్కువతో బతకడం కూడా వస్తుందని వైడెన్‌హోఫ్‌లో సగం మంది అనేవాళ్ళు. ఉన్న నేలమీద బతకడం చేతగానోళ్ళు పైకి పోయి ఏం పీకుతారని తక్కిన సగం. మొదటి సగాన్ని పోగేసింది సంయుక్త. కరీంనగర్ మనిషి. మురుగునీళ్ళు శుభ్రంచేసే యంత్రాల కంపెనీలో ఇంజనీరు. మాగ్డెబర్గ్‌లో ఉన్న ఫ్లాటు వదిలేసి ఇక్కడికొచ్చి, ఆఫీసు అయ్యాక మిగిలిన పొద్దంతా ఈ కాప్సెల్ మీదే పెట్టింది. ఒప్పందం ఒక్కటే. వసంతంలో మూసిన తలుపు వేసవి పండగ నాడు తెరవాలి. అంతకుముందే తెరిచారా, ప్రయోగం విఫలమైనట్టే. కాప్సెల్ ఊడదీసి ఆ జాగాలో వడ్రంగి షెడ్డు వేస్తారు. ఆ షెడ్డు కావాలన్న డెట్లెఫ్ అనే వడ్రంగి అప్పుడే కొలతలు కూడా తీసుకుని పెట్టుకున్నాడు.

లోపలికి పోయిన నలుగురిలో సంయుక్త ఒకతి. రెండోవాడు మునావర్, హైదరాబాదు పిల్లగాడు, మాగ్డెబర్గ్ యూనివర్సిటీలో చదువుతున్నాడు. మూడోవాడు యుర్గెన్, రిటైరైన రైల్వే ఫిట్టర్. నాలుగో మనిషి కాట్రీన్, మంత్రసాని పని చేసి మానేసి తోటపని పట్టుకుంది. లోపలున్న పచ్చదనమంతా ఆమెదే పెత్తనం. ముఖ్యంగా చిక్కుళ్ళు. చిక్కుడు తీగల జోలికి పోతే ఊరుకోదు.

చాలారోజులు బాగా గడిచింది. పొద్దున అద్దాల మీద ఆవిరి చుక్కలు కట్టి, గాడిలోకి జారి, తొట్టిలోకి బొట్టుబొట్టుగా పడుతుంటే ఆ చప్పుడుకే మెలకువ వచ్చేది. తోటకూర కోసుకునేవాళ్ళు, రొట్టెలు చేసుకునేవాళ్ళు, యుర్గెన్ మౌత్ ఆర్గాన్ వాయిస్తే సహించేవాళ్ళు.

తర్వాత కంపు మొదలైంది.

జర్మన్ల కమ్యూన్లలో ఒక ఆచారం ఉంది. పొద్దున్నే గుండ్రంగా కూర్చుని, ఇవాళ నా మనసు ఎట్లా ఉందో ఒక్కొక్కరూ చెప్పాలి. మొదట్లో సంయుక్తకు అది నవ్వులాటగా ఉండేది. మన దగ్గర మనసు ఎట్లుందని అడిగేవాడూ లేడు, చెప్పేవాడూ లేడు. ఆ పొద్దున కాట్రీన్ వంతు వచ్చింది.

"నా మనసు బాగుంది. ముక్కు బాగాలేదు."

యుర్గెన్ నవ్వాడు. కాట్రీన్ నవ్వలేదు.

"ఎరువు పీపా చల్లబడింది. వెచ్చగా ఉండాల్సింది బురదగా ఉంది. ఎక్కణ్ణుంచో నీళ్ళు పడుతున్నాయి."

కాప్సెల్‌లో ఉన్నది పొడి పాయిఖానా. ముందు పళ్ళెంలో పడిన ఉచ్చ గొట్టంలోంచి శుద్ధి తొట్టికి పోతుంది. వెనక పెట్టెలో పడినదాని మీద దోసెడు రంపపు పొట్టు చల్లాలి. పెట్టె నిండితే పీపాలో పోయాలి. పొడిగా ఉన్నంతకాలం వాసన రాదు, తనంతట తనే వేడెక్కి ఎరువవుతుంది. తడి తగిలితే కుళ్ళుతుంది. కుళ్ళితే అమ్మోనియా. మూసిన ఇంట్లో అమ్మోనియా అంటే పీల్చేవాళ్ళ రొమ్ములో మంట. అందుకే గోడకు ఒక మీటరు పెట్టి, దాని మీద ఎర్ర గీత గీశారు. ముల్లు ఆ గీత తాకితే ఎవరినీ అడగకుండా బయటివాళ్ళు తలుపు తెరుస్తారు. ముల్లు అప్పటికే గీత వైపు నడుస్తోంది.

కాట్రీన్ గొంతు తగ్గించి, చాలా మెత్తగా, మునావర్ వైపు తిరిగింది. మెత్తగా మాట్లాడే జర్మన్‌ను చూస్తే భయపడాలి.

"మునావర్, నిన్నేమీ తప్పుపట్టడం లేదు. ఒక్కో దేశంలో ఒక్కో అలవాటు. కానీ ఇక్కడ మగవాళ్ళు కూర్చునే పోయాలి. నిలబడితే అది వెనక పెట్టెలో పడుతుంది."

"నేనైతే పెళ్ళైన మర్నాటి నుంచీ కూర్చునే పోస్తున్నా" అన్నాడు యుర్గెన్, తన మీద అనుమానం లేకుండా. "మా ఆవిడ నేర్పింది."

మునావర్ ముఖం ఎర్రబడింది. "సరే" అన్నాడు.

సంయుక్త ముందున్న గిన్నె వైపు చూస్తూ కూర్చుంది. ఎందుకంటే ఆ నీళ్ళు ఎవరివో ఆమెకు తెలుసు.

రంపపు పొట్టు సంచి వెనక ఒక అరలీటరు ప్లాస్టిక్ బాటిల్ ఉంది. మూతకు వేడి సూదితో పొడిచిన చిల్లులు. జర్మనీలో అద్దెకుండే ఏ తెలుగువాళ్ళ ఇంట్లోనైనా, ఏ హైదరాబాదు స్టూడెంటు గదిలోనైనా పాయిఖానా మూల చూడండి, ఇట్లాంటిది ఒకటి కనబడుతుంది. చుట్టాలొస్తే దాస్తారు. ఓనరొస్తే దాస్తారు. వైడెన్‌హోఫ్‌లో నీళ్ళు వదిలే మామూలు పాయిఖానాలు కాబట్టి ఇన్నేళ్ళూ ఆమెకు ఇబ్బంది రాలేదు, ఎవరికీ చెప్పాల్సిన పనీ పడలేదు. కాప్సెల్‌లోకి వచ్చేటప్పుడు కాగితంతో సరిపెట్టుకుందామనే అనుకుంది. నిజంగానే అనుకుంది. రెండ్రోజులు సరిపెట్టుకుంది కూడా. కాగితంతో తుడుచుకుంటే శుభ్రమైనట్టు ఎందుకనిపించదో కడుక్కునేవాళ్ళకు చెప్పక్కర్లేదు, తుడుచుకునేవాళ్ళకు చెప్పినా ఎక్కదు. మూడో రోజు బాటిల్ బయటికి తీసింది. కొంచెం నీళ్ళే కదా, ఇంత పొట్టు పీల్చుకోదా అనుకుంది.

ఇంజనీరు అట్లా అనుకోవచ్చా? అనుకోకూడదు. ఒక్క మనిషి నీళ్ళైతే ఆ పొట్టు పీల్చుకునేదేమో. ఇది అంతకంటే ఎక్కువ తడి. అదే ఆమెకు అంతుపట్టలేదు.

మధ్యాహ్నం చిక్కుడు పందిరి దగ్గర మునావర్ ఒక్కడే పురుగులు ఏరుతుంటే పోయి పక్కన కూర్చుంది. యుర్గెన్, కాట్రీన్ అటు కొసన పంపుతో కుస్తీ పడుతున్నారు.

"తమ్మీ, నువ్ నిలవడి పోస్తున్నవా?"

"అక్కా! నువ్ గూడ మొదలువెట్టినవా?" మునావర్ చేతిలో పురుగును డబ్బాలో పడేసి నొసలు కొట్టుకున్నాడు. "మా అమ్మీ చిన్నప్పుడే నేర్పింది. నిలవడి పోస్తే బట్టల మీద చుక్క పడ్తది, ఆ బట్టలు నమాజ్‌కు పనికిరావు. మా తాతలకాడి నుంచి కూసునుడే. గీ జర్మనోల్లు మొన్న మొన్న నేర్సుకోని నాకే క్లాస్ పీకుతున్నరు."

"మరి సరే అన్నవేంది?"

"గది కాదంటే మరేందని అడుగుతరు కదా."

సంయుక్త చేయి ఆకు మీదే ఆగిపోయింది.

"మరేంది?"

మునావర్ ఆమె ముఖంలోకి చూడలేదు. ఇంకో పురుగును ఏరాడు. ఉన్న పురుగు కాదు, ఊరికే ఏరాడు.

"నీ బాటిల్ యాడ వెట్టినవ్?" అంది సంయుక్త.

"స్లీపింగ్ బ్యాగ్ల." ఠక్కున తలెత్తాడు. "నీది?"

"పొట్టు సంచి ఎన్క."

ముందు ఎవరికీ నవ్వు రాలేదు. తర్వాత ఇద్దరికీ ఒకేసారి వచ్చింది. నోటికి చేతులు అడ్డం పెట్టుకుని, చప్పుడు బయటికి రాకుండా, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వారు. అటు కొసనుంచి కాట్రీన్ మెడ సాచి చూసి, చిక్కుళ్ళు బాగానే ఉన్నాయని తేల్చుకుని మళ్ళీ పంపు మీద పడింది.

"అందుకే గంత తడి" అంది సంయుక్త కళ్ళు తుడుచుకుంటూ. "నాదొక్కదాందే అనుకున్న."

"నేను నాదొక్కందే అనుకున్న. కానీ అక్కా, ఒక్క మాట అడుగుత, కోపం చెయ్యకు. బొమ్మ గీసింది నువ్వు. ఆకుల మీది చెమట గూడ ఎక్కించినవ్ అండ్ల. మన మనిషి గీసింది, గిది పెట్టే ఉంటదిలే అని నేను బేఫికర్‌గ లోపలికొచ్చిన. వచ్చి చూస్తే కాగితం చుట్ట!"

ఆ ప్రశ్న పొద్దున్నుంచీ సంయుక్త లోపలే తిరుగుతోంది.

"నేనే అని చెప్పేస్త" అన్నాడు మునావర్, నవ్వు దిగిపోయాక. "ఎట్లాగూ నన్నే అనుకుంటున్నరు. నిలవడి పోసిన, ఇంక పొయ్య అంట. ఖతం. నువ్ జర ఓపిక వట్టు, నేను గూడ వడ్త. పండగ దాంక కాగితమే."

"తడిసిన పీపా?"

"ఏదో ఒకటి చేద్దాం."

"చేయనియ్యరు. ఏడికెల్లి వచ్చిన నీల్లో తెలిస్తేనే ఏదన్న చేస్తరు. లేకుంటే తలుపు తెరుస్తరు."

మునావర్ గొంతు బాగా తగ్గించాడు. "అక్కా, రోజూ రొట్టెలు కొడ్తున్నవ్ నువ్వు. చేతుల్తోని. చెప్పినంక ఎవడు తింటడు?"

అదీ అసలు సంగతి. తలుపు గురించి చర్చ పెట్టొచ్చు, ఎరువు గురించి పెట్టొచ్చు. చేయి గురించి ఎవరు పెడతారు? బల్ల దగ్గర ఒకరి చూపు ఒక్క క్షణం తన ఎడమ చేతి మీద ఆగి, మర్యాదగా పక్కకు తప్పుకుంటే చాలు, అది చచ్చేదాకా గుర్తుంటుంది. ఈ దేశానికొచ్చిన కొత్తలో ఆఫీసులో అన్నం కలుపుకుని తింటుంటే అట్లాంటి చూపే ఒకటి చూసింది. మర్నాటి నుంచి చెంచా పట్టింది.

ముల్లు ఎర్ర గీతకు వెంట్రుకవాసి దూరంలోకి వచ్చిన రోజు సాయంత్రం, ఇంకా వెలుగుండగానే, ప్లేనుమ్ పిలిచారు. ప్లేనుమ్ అంటే వైడెన్‌హోఫ్ మనుషులంతా కూర్చునే సభ. అక్కడ ఓట్లు ఉండవు. అందరూ ఒప్పుకోవాలి, ఒక్కరు అడ్డం చెప్పినా ఆ పని ఆగిపోతుంది. కాప్సెల్ తలుపు విషయంలో ఆ అడ్డం చెప్పే హక్కు లోపలివాళ్ళకే ఇచ్చారు. బయటివాళ్ళు అద్దం అవతల కుర్చీలు వేసుకున్నారు. గోడకున్న స్పీకరులోంచి మాటలు అటూ ఇటూ పోతాయి. సభ నడిపేది హైకె, స్కూల్లో పాఠాలు చెప్పే మనిషి, గొంతు ఎప్పుడూ పెంచదు.

"ప్రతిపాదన ఇదీ" అంది హైకె. "గాలి పాడవుతోంది. కారణం తెలియలేదు. మీ ఆరోగ్యం ముఖ్యం. రేపు పొద్దున తలుపు తెరుద్దాం. మీరు చాలా నేర్పారు మాకు, అది చాలు."

డెట్లెఫ్ తల దించుకుని తన చెప్పులు చూసుకున్నాడు. సంతోషం దాచుకోవడం వడ్రంగివాళ్ళకు రాదు.

మునావర్ గొంతు సవరించుకున్నాడు. "ఒక సంగతి చెప్పాలి. అది నేనే..."

"నువ్ ఊకో తమ్మీ" అంది సంయుక్త తెలుగులో. తర్వాత జర్మన్‌లో మొదలుపెట్టింది. లేచి నిలబడలేదు. కూర్చునే చెప్పింది.

"కాట్రీన్, మునావర్ నిలబడి పోయడు. మీ అందరికంటే ముందునుంచీ కూర్చునే పోస్తున్నాడు. పెట్టెలో పడుతున్నవి కడుక్కునే నీళ్ళు. నేను దొడ్డికి పోయాక నీళ్ళతో కడుక్కుంటాను. ఎడమ చేత్తో. చిన్నప్పటి నుంచీ అంతే. కాగితం వాడి చూశాను, నా వల్ల కాలేదు. చెప్పకుండా బాటిల్ దాచుకున్నాను."

"నేనూ" అన్నాడు మునావర్.

అద్దం అవతల ఎవరిదో చిన్నపిల్ల కిసుక్కున నవ్వింది. తల్లి ఒళ్ళోకి లాక్కుంది. ఆ తర్వాత తొట్టిలోకి బొట్లు పడే చప్పుడు ఒక్కటే.

యుర్గెన్ ముందుకు వంగాడు. "ఎంత?"

"ఏమెంత?"

"నీళ్ళు. ఒక్కసారికి ఎన్ని పడతాయి?"

కాప్సెల్‌లో ప్రతి చుక్కనూ కొలిచిన సంయుక్త ఇది ఒక్కటి కొలవలేదు. "తెలీదు" అంది.

"సగం బాటిల్" అన్నాడు మునావర్. "నావైతే."

"అయితే ఆ నీళ్ళు విడిగా పంపడానికి ఒక గొట్టం చాలు" అన్నాడు యుర్గెన్ తనలో తను, ఎవరూ అడగకుండానే.

అవతలినుంచి డెట్లెఫ్ లేచాడు. చెడ్డవాడేం కాదు, అడగాలనిపించింది అడిగాడు. "ఎన్నేళ్ళు లోపల ఉండమన్నాం? కొన్ని వారాలు. అందరూ చేసినట్టు చేయలేకపోయారా?"

"అందరూ అంటే ఎవరు డెట్లెఫ్?" అంది సంయుక్త. గొంతు పెంచలేదు, తగ్గించనూ లేదు. "కరీంనగర్ నుంచి కాసబ్లాంకా దాకా నడుచుకుంటూ పో. దారి పొడుగునా ఇంటింటికీ పోయి అడుగు. కడుక్కునేవాళ్ళే తగులుతారు. నువ్వు కట్టే ఇంట్లోకి వాళ్ళెవరూ రారనుకుంటే ఆ మాట ముందే చెప్పు. మనుషులు బతికే ఇల్లు అని చెప్పకు. జర్మన్లు బతికే ఇల్లు అను. నేను లేచి పోతా."

డెట్లెఫ్ కూర్చున్నాడు.

కాట్రీన్ ఇప్పుడు నేరుగా అడిగింది, ఈసారి గొంతులో మెత్తదనమేమీ లేదు. "బొమ్మ గీసింది నువ్వు. నేను గీస్తే నాకు తెలియదు, సరే. నీకు తెలుసు. ఎందుకు పెట్టలేదు?"

పందిరి దగ్గర మునావర్ అడిగినప్పటి నుంచీ సంయుక్త వెతుక్కుంటున్న జవాబు అది.

"బొమ్మలో మనిషి అని రాసి చుట్టూ బాణాలు గీశాను. తాగే నీళ్ళు, చెమట, ఉచ్చ, స్నానం. గీస్తున్నంతసేపూ ఆ మనిషి నేను కాదు, కాట్రీన్. మీలో ఎవరో ఒకరు. ఇక్కడ నేను ఎన్నేళ్ళుగా ఉంటున్నానో, అన్నేళ్ళూ చుట్టపుచూపుగానే ఉన్నానని మొన్న మొన్ననే తెలిసింది. చుట్టం ఇంటివాళ్ళ పాయిఖానా మార్చమని అడుగుతుందా? బాటిల్ దాచుకుంటుంది."

హైకె గొంతు స్పీకరులో మళ్ళీ వచ్చింది. "ప్రతిపాదన ఇంకా అలాగే ఉంది. రేపు తెరవాలని. అడ్డం చెప్పేవాళ్ళున్నారా?"

వైడెన్‌హోఫ్‌లో ఇన్ని సభల్లో కూర్చుంది సంయుక్త. ఎప్పుడూ అడ్డం చెప్పలేదు. మనదేముంది, వాళ్ళ ఊరు, వాళ్ళ షెడ్డు అనుకునేది. ఇప్పుడు చేయి ఎత్తింది.

"నేను చెబుతున్నా. తెరవొద్దు."

ఆమె ఎత్తింది ఎడమ చేయి. కావాలని ఎత్తలేదు, కుడి చేతిలో నీళ్ళ గ్లాసుంది. యుర్గెన్ అది చూసి ఫక్కున నవ్వాడు. అద్దం అవతల ఒకరిద్దరికి ఆ నవ్వు అంటుకుంది.

"ముల్లు గీత తాకితే మేం అడగం" అంది హైకె.

"అడగొద్దు" అంది సంయుక్త.

ఆ రాత్రి వంట వంతు ఆమెదే. పిండి కలుపుతుంటే చేతులు తనవి కానట్టున్నాయి. ఎప్పటిలాగే సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుంది, ఎప్పటికంటే ఎక్కువసేపు కడుక్కుంది, అట్లా కడుక్కుంటున్నందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది. రొట్టెలు కొట్టి, కాల్చి, బల్ల మీద పెట్టింది. మునావర్ చేయి చాపలేదు, చూస్తున్నాడు. కాట్రీన్ తోటకూర వడ్డించుకుంది. యుర్గెన్ ఒక రొట్టె తీసి, చించి, పప్పులో ముంచి నోట్లో పెట్టుకుంటూనే మాట్లాడుతున్నాడు. గొట్టం ఎటు వాలాలి, వాలు సరిపోకపోతే ఏం చేయాలి అని. ఆయన ధ్యాసంతా వాలు మీదే ఉంది. రెండో రొట్టె తీశాడు. కాట్రీన్ కూడా ఒకటి తీసుకుంది. తీసుకునే ముందు ఒక్క క్షణం ఆగింది. సంయుక్త అది చూసింది. కాట్రీన్ కూడా తను ఆగడం సంయుక్త చూసిందని చూసింది. ఆ తర్వాత మొత్తం తినేసింది.

అంతే. ఎవరూ ఎవరినీ కావలించుకోలేదు.

మర్నాడు పని మొదలైంది. బయటినుంచి ఏదీ రాకూడదు, ఉన్నదాంతోనే చేసుకోవాలి. మూల గదిలో పక్కగా ఒక లోతు స్టీలు బేసిను దించి, కూర్చుని కడుక్కునే చోటు చేశారు. బేసిను కింద చిల్లికి గొట్టం కావాలి. లోపల అంత పొడుగు గొట్టం ఒక్కచోటే ఉంది. చిక్కుళ్ళకు నీళ్ళు పెట్టేది.

కాట్రీన్ ఆ గొట్టం వైపు చూసి, సంయుక్త వైపు చూసి, జర్మన్‌లో ఒక బూతు మాట అంది.

"అది తీస్తే పొద్దునా సాయంత్రం ముంతతో పోయాలి. సగం తీగలు ఎండుతాయి."

"నాకు తెలుసు."

"ముందే బొమ్మలో పెట్టి ఉంటే ఎండేవి కాదు."

"అదీ తెలుసు."

కాట్రీన్ స్వయంగా గొట్టం ఊడదీసి తెచ్చి యుర్గెన్ కాళ్ళ దగ్గర పడేసింది. పోతూ పోతూ మునావర్ దగ్గర ఆగింది. "నిన్ను అనవసరంగా అన్నాను. తప్పు నాది" అంది. జవాబు కోసం చూడకుండా ముంత వెతుక్కోవడానికి పోయింది. మునావర్ చాలాసేపు ఆమె పోయిన వైపే చూశాడు.

తడిసిన పీపా సంగతి మిగిలింది. నలుగురూ ముక్కులకు గుడ్డలు కట్టుకుని, ప్లాస్టిక్ పట్టా పరిచి, పీపా బోర్లించారు. ఎండుటాకులు, మిగిలిన పొట్టు, చింపిన అట్టముక్కలు వేసి పారలతో కలిపారు. ఎవరిది ఏదో తెలియని ముద్ద అది. మొదటిసారి వైడెన్‌హోఫ్‌లో మురుగు తొట్టి తోడే వంతు వచ్చినప్పుడు సంయుక్త పొదల చాటుకు పోయి వాంతి చేసుకుంది. వాసనకు కాదు. కరీంనగర్‌లో నానమ్మ ఇంటి వెనక గల్లీలో ఒకామె నెత్తిన గంప పెట్టుకుని పోతుంటే, పిల్లలందరూ ముక్కులు మూసుకుని పరుగెత్తేవాళ్ళు. ఆమె పేరేమిటో ఇంట్లో ఎవరికీ తెలియదు. కడుక్కునే శుభ్రం గురించి మనం గొప్పగా చెప్పుకుంటాం, కాగితం వాళ్ళను చూసి నవ్వుతాం. ఎత్తిపోసే పని మాత్రం ఒక కులం నెత్తిన పెట్టి చేతులు దులుపుకున్నాం. ఈ తెల్లవాళ్ళకు కడుక్కోవడం తెలియకపోవచ్చు, ఎవరిది వాళ్ళు ఎత్తిపోసుకోవడం తెలుసు. తను ఇక్కడికి వచ్చింది దానికోసమే. ఆ సంగతి పార పట్టుకున్నప్పుడల్లా గుర్తొస్తుంది ఆమెకు.

"అక్కా, జర ఇటు సైడ్ ఏస్తవా ఆకులు" అన్నాడు మునావర్ గుడ్డ చాటునుంచి. "యుర్గెన్ సాబ్ అంతా నా దిక్కే నూకుతున్నడు."

"ఏమంటున్నాడు?" అన్నాడు యుర్గెన్.

"నువ్వు బాగా పని చేస్తున్నావంటున్నాడు."

"అబద్ధం" అన్నాడు యుర్గెన్, పార ఆపకుండా.

రెండు రోజులు ముల్లు కదల్లేదు. గీతకు ఆనీ ఆననట్టు అక్కడే నిలబడింది. డెట్లెఫ్ రోజూ పొద్దున అద్దం దగ్గరికి వచ్చి దాన్ని చూసి పోయేవాడు. మూడో పొద్దున సంయుక్త పీపా మీద అరచేయి ఆనించింది. చల్లగానే ఉంది. సాయంత్రం మళ్ళీ ఆనించింది. గోరువెచ్చన. కాట్రీన్‌ను పిలిచింది. కాట్రీన్ తన చేయి పక్కనే ఆనించి, కళ్ళు మూసుకుని, కడుపులో బిడ్డ తిరుగుతోందా అని చూసే మంత్రసానిలా చాలాసేపు నిలబడింది.

"పట్టుకుంది" అంది.

ఆ తర్వాత ముల్లు వెనక్కి నడిచింది. మెల్లగా నడిచింది, అయినా నడిచింది.

ఒక్క చిక్కు మిగిలింది. యుర్గెన్ భయపడినట్టే గొట్టానికి వాలు సరిపోలేదు. కడుక్కున్న నీళ్ళు శుద్ధి అయ్యే రెల్లు మడి అవతలి కొసన, కాస్త ఎత్తులో ఉంది. అందుకని గొట్టం కింద ఒక బకెట్ పెట్టారు. నిండినప్పుడు మోసుకుపోయి మడిలో పోయాలి. ఎవరు మోయాలన్న మాట రాలేదు. గోడ మీదున్న పని వంతుల్లో కాట్రీన్ దాన్ని కూడా చేర్చింది, నలుగురి పేర్లూ రాసింది.

వేసవి పండగ వచ్చింది. చిక్కుళ్ళు నిజంగానే సగం ఎండాయి. మిగిలిన సగం కాశాయి. బయట షెడ్డులో బెంచీలు వేశారు, చెర్రీ కేకు తెచ్చారు, పిల్లలు అద్దానికి ముక్కులు ఆనించి లోపలికి చూస్తున్నారు. బోల్టులు విప్పడానికి పానా పట్టుకుని డెట్లెఫే వచ్చాడు. తలుపు మీద మూడుసార్లు తట్టాడు.

లోపల ముగ్గురే తలుపు దగ్గర ఉన్నారు. యుర్గెన్ మూల గదిలోంచి బకెట్ పట్టుకుని బయటికొచ్చాడు. అంచుదాకా నిండి ఉంది.

"సాబ్, ఇటివ్వు, నేను పోసొస్తా" అని మునావర్ పరుగెత్తాడు. అంతదాకా జర్మన్‌లో మాట్లాడుతున్నానని కూడా మరిచిపోయి తెలుగులోకి దిగాడు. "అక్కా, చెప్పు జర. పండగ పూట గా ముసలాయన మన నీల్లు మోసుడేంది? మంచిగుంటదా?"

"ఆయన వంతు" అంది సంయుక్త. "మొయ్యనీ."

"ఏమంటున్నాడు?" అన్నాడు యుర్గెన్.

"నువ్వు ముసలాయనవంటున్నాడు."

"ఇది మాత్రం నమ్ముతా." బకెట్ ఇంకో చేతికి మార్చుకున్నాడు. "పక్కకు జరుగు."

సంయుక్త అద్దం దగ్గరికి పోయి అవతల ఉన్న డెట్లెఫ్‌కు చేయి అడ్డంగా ఊపింది. ఆగమని. ఎందుకని అతను కనుబొమ్మలు ఎగరేశాడు. ఆమె వెనక్కి చూపించింది. డెట్లెఫ్ చూశాడు, పానాను చంకలో పెట్టుకున్నాడు, మెట్టు మీద కూర్చున్నాడు. కేకు కోయబోయిన హైకె కూడా కత్తి ఆపింది.

యుర్గెన్ నేల మీద చుక్క పడకుండా, ఎండిన చిక్కుడు పందిరి పక్కనుంచి, రెల్లు మడి వైపు నింపాదిగా నడుచుకుంటూ పోయాడు.